"బాంచెన్ కాల్మొక్త" పోస్టర్ మీద జోకుగా వాడొచ్చా? బాంచ, వెట్టి, జీతం, గులాం అసలు అర్థాలు తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణతీరం:
నాది గుంటూరు వైపు. మాదాపూర్‌లో ఒక యాడ్స్ ఆఫీసులో తెలుగు కాపీ రాస్తుంటాను. ఒక బట్టల షాపు పండుగ ఆఫర్‌కి పోస్టర్ చేస్తున్నాం, అందులో కస్టమర్ చేతులు జోడించి "బాంచెన్ కాల్మొక్త, ఇంకొంచెం తగ్గించు" అంటున్నట్టు లైన్. తెలంగాణ యాస కదా, జనానికి దగ్గరగా ఉంటుందని అందరూ ఓకే అన్నారు. జనగామ వైపు నుంచి వచ్చిన మా డిజైనర్ మాత్రం ఈ పోస్టర్ నేను చేయను అంది. కోప్పడలేదు, "ఆ మాట మా ఇంట్లో ఎవరూ నవ్వుకుంటూ అనరు" అని చెప్పి వేరే పని చూసుకుంది. మేనేజర్ ఏమో రీల్స్‌లో అందరూ వాడేదే కదా అంటున్నాడు. ఫైనల్ మాట నాదే కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. "దండం పెడతా" లాంటిదని నేను అనుకునేది, నిఘంటువు చూస్తే బానిస అని ఉంది, ఆఫీసులో ఇంకొకరు "ప్లీజ్" అని అర్థం అన్నారు. ఇందులో ఏది నిజం? ప్రాంతాల గొడవ వద్దు, మాట గురించి చెప్పండి చాలు.

పెంబర్తి_బిడ్డ:
మీ డిజైనర్ చేసింది కరెక్టే.

బాంచ అంటే దాసి, గడీలో (దొర ఉండే కోటలాంటి ఇంట్లో) బతికే బానిస మనిషి. "నీ బాంచెను" అంటే "నీ బానిసను" అని తనను తాను చెప్పుకోవడం. కాల్మొక్త అంటే కాళ్లు మొక్కుతా. రెండూ కలిపి ఒక్క ఊపిరిలో అనాల్సి వచ్చేది. దొర ఎదురొస్తే చెప్పులు చేతిలోకి తీసుకుని, తలగుడ్డ విప్పి, వంగి ఈ మాట అనాలి. దండం పెట్టడమూ ఇదీ ఒకటి కాదు. దండం ఇష్టమైతే పెడతాం, లేకపోతే మానేస్తాం. ఇది అనకపోతే దెబ్బలు పడేవి.

జనగామ అన్నారు కదా, అక్కడి సంగతి కొంచెం తెలిస్తే ఆ అమ్మాయి ఎందుకు ఆగిపోయిందో అర్థమవుతుంది. విస్నూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) పెత్తనం నడిచింది ఆ ఊళ్ల మీదే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట దొర మనుషుల చేతికి పోకుండా నిలబడింది ఆ దేశ్‌ముఖ్ మీదే. 1946 జూలై 4న సంఘం మనిషి దొడ్డి కొమురయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు పడిపోయింది అక్కడి కడవెండిలోనే. అక్కడ చాలా ఇళ్లలో ముసలివాళ్లు తమ అమ్మానాన్నల నోట ఆ మాట విన్నవాళ్లే, అదేమీ పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. సంఘం (ఆంధ్ర మహాసభ) వచ్చాకే ఆ మాట అనాల్సిన అవసరం లేదని తెలిసింది అంటారు మావాళ్లు.

చెరువుగట్టు:
పై పోస్టులో చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ ఇంకో కోణం కూడా ఉంది. మాది నల్లగొండ పక్కన. మా అమ్మమ్మ మేం చిన్నప్పుడు అలిగి తినకపోతే "నీ బాంచెన్ బిడ్డా, రెండు బుక్కలు తినరాదు" అని బతిమాలేది. మనవడి దగ్గర ఏ దొరతనం ఉంది? అక్కడ అది పూర్తిగా ముద్దు మాట. పల్లెల్లో ఇప్పటికీ పెద్ద వయసు ఆడవాళ్లు ఇలా అంటారు. ఆ మాట అనడమే తప్పంటే మా అమ్మమ్మ మాటనే తప్పు పట్టినట్టవుతుంది, దానికి నేను ఒప్పుకోను.

పెంబర్తి_బిడ్డ:
@చెరువుగట్టు, మీ అమ్మమ్మ మాట తప్పని ఎవరంటారు అన్నా. తన మనవడి దగ్గర, తన ఇంట్లో, తన నోటితో అన్నది అది. కానీ అదే మాటను సర్కారు దవాఖానలో వినండి. "నీ బాంచెన్ సారూ, జర సూడుండ్రి" అని ఒక ముసలాయన డ్యూటీ డాక్టర్ ముందు వంగుతాడు. తహసీల్దార్ ఆఫీసులో పాస్‌బుక్కు కోసం వచ్చినాయన కౌంటర్ బయట నిలబడి అదే అంటాడు. అక్కడ ముద్దు లేదు, భయం ఉంది. తన హక్కుగా వచ్చేదాన్ని దయగా అడుక్కోవడం అది. మాట ఒక్కటే అయినా అన్నది ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నది చూడాలి. షాపు పోస్టర్‌లో అది నవ్వు తెప్పించాలి. అంటే ఒక మనిషి వంగిపోవడమే అక్కడ తమాషా. నా అభ్యంతరం దానికే.

చెరువుగట్టు:
ఇది ఒప్పుకుంటాను. పోస్టర్‌కి వద్దు. ఇంట్లో మాత్రం ఉండనీయండి.

అక్షరాభ్యాసం:
రిటైరైన తెలుగు మాస్టారిని, ఉప్పల్‌లో ఉంటాను. ఈ మాటల గురించి తెలిసినంత చెప్తాను.

తెలుగులో ఈ అర్థానికి చాలా మాటలు ఉన్నాయి కానీ అన్నీ ఒకటి కాదు. దాసుడు సంస్కృతం. దాస్యం అంటే మనకు ముందు గుర్తొచ్చేది వినత కథ. కద్రువతో పందెం ఓడి దాసి అయిపోతే, కొడుకు గరుత్మంతుడు పాములను వీపున మోసి, అమృతం తెచ్చి ఇచ్చి తల్లిని విడిపిస్తాడు. అక్కడ దాస్యానికి ఒక ధర ఉంది, కడితే విడుదల. హరిశ్చంద్రుడి కథలోనూ అంతే, కాశీలో నిలబడి భార్యను అమ్మాడు, తననూ అమ్ముకున్నాడు. ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న ఇంకా సూటి: ముందే తనను ఓడిపోయి దాసుడైనవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? దానికి సభలో పెద్దలు సరిగ్గా జవాబు చెప్పలేదు. తర్వాత భక్తి వచ్చి ఈ మాటకు గౌరవం తెచ్చింది. గోల్కొండలో చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న రామదాసు అయ్యాడు, ఆ పేరు ఇవాళ పిల్లలకు పెట్టుకుంటాం. బానిస అనే మాటకు మాత్రం ఆ గౌరవం ఎప్పుడూ రాలేదు. దేవుడికి దాసుణ్ణి అంటాం గానీ దేవుడికి బానిసను అని మామూలుగా అనం.

ఇక వెట్టి. ఇది సంస్కృతంలోని "విష్టి" నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. కూలి ఇవ్వకుండా రాజు చేయించుకునే పని. ఎంత పాతదంటే క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు సుదర్శన తటాకాన్ని బాగు చేయించిన సంగతి చెప్తూ, పన్నులతో, విష్టితో జనాన్ని పీడించకుండా నా ఖజానా నుంచే ఖర్చు పెట్టాను అంటాడు. చెరువు బాగు చేస్తూ వెట్టి చేయించలేదని ఒక రాజు గొప్పగా రాతి మీద చెక్కించాడంటే మిగతా రాజులు ఏం చేసేవాళ్లో ఊహించుకోవచ్చు. తమిళ శాసనాల్లోనూ వెట్టి ఉంది, ఇవాళ తమిళంలో వెట్టి అంటే పనికిరాని, ఊరికే అనే అర్థం మిగిలింది. మనకు మాత్రం ఆ బరువు అలాగే ఉంది.

రేగడిమట్టి:
మాస్టారూ నమస్తే. వెట్టి అంటే గడీలో ఊడ్చే పని ఒక్కటే అనుకుంటారు సిటీలో పిల్లలు. అందుకని రాస్తున్నా. ఊళ్లో ప్రతి కులానికీ ఒక వెట్టి ఉండేది. కుమ్మరి కుండలు ఇవ్వాలి, ఆఫీసర్లు వస్తే వంటకు నీళ్లు తేవాలి. చాకలి బట్టలు ఉతకాలి, గడీలో అంట్లు తోమాలి. గొల్ల గొర్రెను ఇవ్వాలి, గౌండ్ల కల్లు పోయాలి, బోయీలు మేనా (పల్లకీ) మోయాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, దున్నాలి, చాటింపు వేయాలి, ఎవరికీ పైసా లేదు. దొర పొలం తడిశాకే తన పొలానికి నీళ్లు. అన్నిటికంటే ఘోరం ఆడబాపలు. దొర బిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోతుంటే వెంట సారెతో పాటు ఆడపిల్లల్ని పంపేవాళ్లు, జీవితాంతం ఆ ఇంట్లో దాసీలుగా. "బాంచ" అనే మాట వెనక ఉన్నది ఆ ఆడపిల్లలు. అందుకే ఆ డిజైనర్ అమ్మాయి పేరు తెలియకపోయినా ఆమెకు నా దండాలు.

కాచిగూడ_కుర్రోడు:
ఫాలో అవుతున్నా. మాస్టారూ "చెర" గురించి కూడా చెప్పండి, చెర పట్టడం, చెరచడం ఒకటేనా?

అక్షరాభ్యాసం:
కాదు బాబూ. చెర అంటే నిర్బంధం, ఖైదు. సీత చెర, చెరసాల, చెరపట్టాడు అంటే బందీగా పట్టుకున్నాడని. చెరచు అంటే పాడు చేయు. వినడానికి దగ్గరగా ఉన్నాయని ఒకటిగా కలపొద్దు. పత్రికల్లో కూడా కలిపేస్తుంటారు.

కట్టిపడేసే వస్తువులకు కూడా మన దగ్గర మాటలు చాలా ఉన్నాయి. సంకెల శృంఖల నుంచి వచ్చింది, బేడీ ఉత్తరాది నుంచి. బొండ అంటే కాళ్లు ఇరికించే కొయ్య, బొండకొయ్యలో వేశారు అనేవాళ్లు. కోదండం బడిలోకి కూడా వచ్చింది, పిల్లాడి చేతులు తాడుకు కట్టి వేలాడదీసేవాళ్లు. దాన్ని క్రమశిక్షణ అనేవాళ్లు ఆ రోజుల్లో. నేను టీచరుగా ఉన్నన్నాళ్లూ ఆ మాటంటేనే అసహ్యం.

షాలిబండ:
ఓల్డ్ సిటీ నుంచి ఒక మాట. మా ఇళ్లలో గులాం, బందా, బాందీ మూడూ వినపడతాయి. బాందీ అంటే దాసి. బాంచ, బాందీ ఒకటేనా అని నాకు చాన్నాళ్లుగా అనుమానం, మాస్టారు తేల్చాలి. బందా అంటే ఫార్సీలో బానిస, సేవకుడు, కానీ ఇక్కడ "మంచి బందా" అంటే మంచి మనిషి. గుల్బర్గా దర్గాలో బందానవాజ్ అనే బిరుదు కూడా అదే మాట నుంచి, సేవకులను ఆదరించేవాడు అని. గులాం అరబ్బీలో మొదట కుర్రాడు అనే అర్థం. గులాం మొహమ్మద్, గులాం రసూల్ అని పేర్లు పెట్టుకుంటాం, పైన మాస్టారు చెప్పిన రామదాసు లాంటిదే ఇదీ. పేకముక్కల్లో జాకీని గులాం అంటాం. అదే గులాంగిరీ అనేసరికి తిట్టు అయిపోతుంది. జ్యోతిరావు ఫూలే 1873లో తన పుస్తకానికి ఆ పేరే పెట్టాడు, కులం పేరుతో నడిచే బానిసత్వం గురించి.

ఇంకోటి. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. నిజాం ఫౌజులో పనిచేసిన హబ్షీల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ల) కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. దక్కన్‌కి ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లలో మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్‌ను నడిపించే స్థాయికి వెళ్లాడు. ఢిల్లీలో బానిస వంశం అని స్కూల్లో చదివాం, ఐబక్, ఇల్తుత్‌మిష్ అమ్ముడుపోయి సుల్తానులైనవాళ్లే. అంటే కత్తి పట్టిన గులాంకి పైకెళ్లే దారి ఒకటి ఉండేది. గడీలో బాంచకి ఏ దారీ లేదు. తెలుగులో రెంటికీ బానిస అనే రాసేస్తాం, నాకది సరిపోదనిపిస్తుంది.

అక్షరాభ్యాసం:
@షాలిబండ, మీ చివరి మాట చాలా విలువైనది. బాంచ, బాందీ సంగతి మాత్రం వినికిడి పోలిక చూసి తేల్చకూడదు. పాత వాడుకలు దొరికితేనే చెప్పగలం.

కృష్ణతీరం:
ఇన్ని తెలుస్తాయనుకోలేదు. ఆఫీసులో పెంబర్తి_బిడ్డ గారి రెండో పోస్టు చదివి వినిపించాను. లైన్ తీసేశాం. మేనేజర్ కూడా ఆడబాపల సంగతి విన్నాక ఇంకేం అనలేదు. చర్చ ఆపకండి, జీతం అనే మాట గురించి ఎవరూ చెప్పలేదు.

నాంపల్లి_లా:
జీతం గురించి నేను చెప్తా, నా సబ్జెక్టే. ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది, అంతకుముందు 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్స్. ఆ చట్టంలో వెట్టిచాకిరి అంటే ఏంటో చెప్పేచోట దేశంలో ఒక్కో ప్రాంతంలో దాన్ని ఏమని పిలుస్తారో పేర్లన్నీ రాశారు, ముప్పై దాకా ఉంటాయి. హాలి, కామియా, సాగ్రి... వాటి మధ్యలో మనవి: వెట్టి, పాలేరు, జీత, భగేలా. భగేలా మన హైదరాబాద్ సంస్థానంలో మాటే, అప్పు కింద మనిషిని పనికి కట్టేసుకోవడం, నిజాం కాలంలోనే దాని మీద నిబంధనలు వచ్చాయి, కాగితం మీద.

జీత చూడండి. ఇవాళ ఒకటో తారీఖు బ్యాంకులో పడేదాన్ని జీతం అంటాం. జీవితం అనే మాటే జీతం అయింది. పల్లెలో జీతం ఉండటం అంటే వేరు. తండ్రి నాగుకు (వడ్డీతో తిరిగివ్వాల్సిన ధాన్యం అప్పుగా) తెచ్చుకున్న గింజలు తీరక, కొడుకుని ఏడాది లెక్కన దొర దగ్గర జీతం పెట్టేవాడు. ఏడాది చివర లెక్క చూస్తే అప్పు పెరిగే ఉండేది. "వాడు జీతమున్నడు" అంటే ఉద్యోగం చేస్తున్నాడని కాదు, ఇంకొకరి చేతిలో ఉన్నాడని. జీతగాడు, పాలేరు అని కథల్లో, సినిమాల్లో మామూలుగా విని వదిలేస్తాం, చట్టం మాత్రం ఆ మాటలను నేరం పేర్లుగా రాసుకుంది.

రాజ్యాంగంలో 23వ అధికరణం బేగార్ (కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించే పని) అనే మాటనే నేరుగా వాడి నిషేధించింది. ఆసియాడ్ (ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలు) నిర్మాణ పనుల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించినా అది నిర్బంధ శ్రమే అని చెప్పింది. కట్టేసే గొలుసు ఇనుపదే కానక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం.

గచ్చిబౌలి_బెంచ్:
అయితే మా ఐటీ బాండ్లు కూడా వెట్టేనా? ఫ్రెషర్‌గా చేరినప్పుడు రెండేళ్లు కదలకూడదని సంతకం పెట్టించారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మానేస్తే లక్షల్లో కట్టాలట. రోజూ కార్పొరేట్ బానిస అని స్టేటస్ పెట్టుకునేది ఇందుకే.

నాంపల్లి_లా:
సర్టిఫికెట్లు పట్టుకోవడం అన్యాయం, లాయర్ నోటీసుతో అడగండి. ట్రైనింగ్‌కి నిజంగా ఖర్చు పెట్టి ఉంటే అందులో న్యాయమైన మొత్తం అడగొచ్చేమో గానీ, మీరు మానేస్తానంటే తీసుకొచ్చి కూర్చోబెట్టి పని చేయించమని ఏ కోర్టూ చెప్పదు. వ్యక్తిగత సేవ ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరు. భయపడి ఉండిపోకండి.

కానీ ఒక తేడా చెప్తాను, నొచ్చుకోకండి. మీరు రాత్రి హాస్టల్‌కి వెళ్తారు, ఇంకో చోట ఇంటర్వ్యూ ఇస్తారు, ఇక్కడ ఇలా రాయగలుగుతున్నారు. వెట్టిలో ఉన్నవాళ్లకు గేటు దాటడమే ఉండదు. అన్నిటికీ బానిస అనే మాట వాడేస్తే నిజంగా బానిసగా ఉన్నవాడి గురించి చెప్పడానికి మనకు మాట మిగలదు.

ఆర్మూర్_అక్క:
గల్ఫ్ గురించి రాయకపోతే ఈ చర్చ సగమే. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ఇళ్లలో కఫీల్ అనే మాట తెలియని పిల్లాడు లేడు. కఫీల్ అంటే అరబ్బీలో పూచీ ఉండేవాడు, అంటే అక్కడ పనికి పెట్టుకునే యజమాని. ఆ పూచీ ఉన్న మనిషి చేతిలో పాస్‌పోర్టు ఉంటే, ఆయన ఒప్పుకుంటేనే పని మారాలి, దేశం దాటాలి అంటే అది పూచీ అవుతుందా? ఖతార్ 2020లో పని మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం మార్చింది, మిగతాచోట్ల ఎంతెంత మారిందో దేశాన్ని బట్టి ఉంటుంది. పారిపోయి వేరేచోట పనిచేసేవాణ్ణి మావాళ్లు ఖల్లివెల్లి అయ్యిండు అంటారు. ఇంట్లో అమ్మలు ఆ మాట చాలా మెల్లగా అంటారు. పట్టుబడితే జైలు, దొరకకపోతే శవపేటిక దాకా ఇంటికి రాలేడు. మా అన్న అలా కొన్నేళ్లు ఉన్నాడు, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగొచ్చాడు.

రేగడిమట్టి:
అక్కా, మీ అన్న క్షేమంగా వచ్చినందుకు సంతోషం.

సైదాబాద్_సిస్టర్:
చిన్న విన్నపం. మద్యానికి బానిస, గంజాయికి బానిస, ఫోన్‌కి బానిస అని పేపర్లలో రాస్తారు. నేను డీఅడిక్షన్ వార్డులో నర్సుని. పేషెంటు భార్య నాతో "పేపర్లో బానిస అంటే మా ఆయన ఇంక మారడా సిస్టర్" అని అడిగింది. అది జబ్బు, మందులున్నాయి, చికిత్స ఉంది. వ్యసనం అనండి, అలవాటు పడ్డాడు అనండి.

ఇటుకదారి:
ఒక వాలంటీర్‌ని. హైదరాబాద్ చుట్టూ సంగారెడ్డి, యాదాద్రి, రంగారెడ్డి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా బలంగీర్ లాంటి జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. వచ్చేముందే ఊళ్లో సర్దార్ (కూలీలను కుదిర్చే మధ్యవర్తి) అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా బట్టీ దాటి వెళ్లకూడదు, పిల్లలు కూడా ఇటుకలు తిప్పుతుంటారు, వారానికి తిండి ఖర్చులకని కొంచెం చేతిలో పెడతారు. అన్ని బట్టీలూ ఇలా ఉన్నాయని కాదు. ఉన్నచోట మాత్రం అక్కడ ఎవరూ వెట్టి అనరు, అడ్వాన్స్ అంటారు. పైన లా చదివినాయన చెప్పిన భగేలా ఇదే, పేరు మారింది. మన అపార్ట్‌మెంట్ గోడల్లో ఉన్నది ఆ ఇటుకలే.

గచ్చిబౌలి_బెంచ్:
కానీ అన్నా, డబ్బు తీసుకున్న మాట నిజమే కదా. అప్పు తీర్చకుండా వెళ్లిపోతానంటే యజమాని నష్టపోడా? నిజంగా అడుగుతున్నా.

నాంపల్లి_లా:
మంచి ప్రశ్న, ప్రతి విచారణలో యజమాని ఇదే అంటాడు. 1976 చట్టం జవాబు సూటిగా ఉంది. వెట్టి కింద ఉన్న అప్పు రద్దయినట్టే, వసూలు చేయడానికి కోర్టుకు కూడా వెళ్లలేరు. ఇది వెట్టి అప్పు కాదు అని నిరూపించాల్సింది కూడా అప్పిచ్చినవాడే, కూలీ కాదు. కూలీ దగ్గర కాగితాలు ఎక్కడుంటాయి మరి. చేయించినవాడికి మూడేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. జరిమానా ఆనాటి లెక్క, ఇప్పటికీ అదే ఉండటం సిగ్గుచేటు.

ఇటుకదారి:
ఎక్కడైనా కనిపిస్తే చేయాల్సింది ఇది. కలెక్టర్‌కి గానీ ఆర్డీవోకి గానీ రాతపూర్వకంగా ఇవ్వండి, పక్కింటివాళ్లయినా ఇవ్వొచ్చు, కూలీయే రానక్కర్లేదు. బట్టీ ఎక్కడుంది, ఎన్ని కుటుంబాలు, ఏ భాష మాట్లాడుతున్నారు, పిల్లలున్నారా, బయటికి పోనిస్తున్నారా అన్నవి రాయండి. ముందే వెళ్లి యజమానితో గొడవ పెట్టుకోవద్దు, రాత్రికి రాత్రి కుటుంబాలను వేరేచోటికి తరలించేస్తారు. అధికారులు వచ్చినప్పుడు విముక్తి పత్రం ఇచ్చారా లేదా అడగండి, చాలాసార్లు అది ఇవ్వకుండా రైలెక్కించి పంపేస్తారు. ఆ పత్రం లేకపోతే పునరావాసం డబ్బు రాదు. వెంటనే ఇచ్చే సాయం 30,000 దాకా ఉంటుంది, ఆ తర్వాత మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. పెద్ద మొత్తం చాలావరకు కేసు తేలడం మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి కేసు ఎంతవరకు వచ్చిందో కూడా కనుక్కుంటూ ఉండండి. ఒడియా వచ్చినవాళ్లు ఎవరైనా ఈ వేదికలో ఉంటే నాకు మెసేజ్ చేయండి, వాంగ్మూలాల దగ్గర భాష తెలిసిన మనిషి లేక కేసులు పోతున్నాయి.

షాలిబండ:
మా పక్కింట్లో ఉండే కుర్రాడిది బరంపురం, ఒడియా బాగా వచ్చు. అడిగి మీకు మెసేజ్ పెడతా.